నెక్స్ట్‌క్లౌడ్ డెస్క్‌టాప్ క్లయింట్ రివ్యూ: విండోస్, మాక్, లినక్స్‌లో ఇన్‌స్టాల్, సొంత బిల్డ్

ఫైల్ సింక్ క్లయింట్ (మీ కంప్యూటర్‌లోని ఫైళ్లని, సర్వర్‌లోని ఫైళ్లని ఎప్పుడూ ఒకేలా ఉంచే ప్రోగ్రామ్) అంటే చాలామంది డౌన్‌లోడ్ బటన్ నొక్కి, నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయి, లాగిన్ అయితే పనైపోయినట్టే అనుకుంటారు. నెక్స్ట్‌క్లౌడ్ క్లయింట్ విషయంలో అలా కుదరదు. వెర్షన్ నంబర్ ఒకటే, పైన కనిపించే విండో ఒకటే, కానీ మీరు ఏ దారిలో ఇన్‌స్టాల్ చేశారన్నదాన్ని బట్టి లోపల వచ్చే సౌకర్యాలు మారిపోతాయి. ఒక మెషీన్‌లో ఫైల్ పక్కన ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది, ఇంకోదాంట్లో కనిపించదు, ఒకచోట ఫైల్ దించకుండానే పేరు కనిపిస్తుంది, ఇంకోచోట మొత్తం దించాల్సిందే. నేను మూడు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోనూ దీన్ని వాడుతున్నా, లినక్స్‌లో సోర్స్ నుంచి బిల్డ్ చేసుకుని (అంటే కోడ్ తెచ్చుకుని ప్రోగ్రామ్‌ని నేనే తయారుచేసుకుని) కూడా నడుపుతున్నా, అందుకే ఈ రివ్యూలో ఫీచర్ల పొగడ్త తక్కువ, ఇన్‌స్టాల్ సంగతులు ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సొంత సర్వర్‌లో ఫైళ్లు దాచుకునే ఓన్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ 2010లో మొదలైంది, దాన్ని మొదలుపెట్టిన ఫ్రాంక్ కార్లిచెక్కే 2016లో బయటికొచ్చి నెక్స్ట్‌క్లౌడ్ పెట్టారు, సర్వర్‌తో పాటు డెస్క్‌టాప్ క్లయింట్ కోడ్ కూడా అక్కడి నుంచి చీలి వచ్చిందే. సీ ప్లస్ ప్లస్‌లో క్యూటీ (విండోలు, బటన్లు చూపించే లైబ్రరీ) మీద రాసిన ప్రోగ్రామ్, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, డబ్బులు కట్టక్కర్లేదు, సోర్స్ గిట్‌హబ్‌లో ఉంది. అయితే ఇది ఒంటరిగా పనిచేసేది కాదు, అవతల నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్ ఉండాలి, మీ సొంతదైనా సరే, ఎవరైనా ఇచ్చే అకౌంట్ అయినా సరే.

ముందు విండోస్. మూడింట్లో తేలిగ్గా అయ్యేది ఇదే. ఎంఎస్ఐ ఫైల్ (విండోస్ ఇన్‌స్టాలర్) దించుకుని రన్ చేస్తే చాలు, కాకపోతే అడ్మిన్ పర్మిషన్ కావాలి, ఎందుకంటే ఇది ఎక్స్‌ప్లోరర్‌లోకి తన షెల్ ఎక్స్‌టెన్షన్ కూడా దూరుస్తుంది, రైట్ క్లిక్ మెనూలో షేర్ ఆప్షన్, ఐకాన్ మీద టిక్కులు అన్నీ దాని పనే. ఇన్‌స్టాల్ అయ్యాక రీస్టార్ట్ అడిగేది కూడా దాని కోసమే, ఆ రీస్టార్ట్ వాయిదా వేసి టిక్కులు రాలేదని కంగారు పడొద్దు. రీస్టార్ట్ చేశాక కూడా రాకపోతే తప్పు క్లయింట్‌ది కాకపోవచ్చు. ఫైల్ ఐకాన్ మీద పడే ఇలాంటి టిక్కుల్ని ఓవర్‌లే ఐకాన్లు అంటారు, విండోస్ మొత్తం మీద 15 రకాలనే చూపిస్తుంది, అందులో కొన్ని విండోస్ తనకే ఉంచుకుంటుంది, మిగతావాటి కోసం మీ మెషీన్‌లో ఉన్న సింక్ ప్రోగ్రామ్‌లన్నీ కొట్టుకుంటాయి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చోటు) అక్షరక్రమంలో ముందున్నవాళ్లకే చోటు. అందుకే కొన్ని ప్రోగ్రామ్‌లు తమ పేరు ముందు ఖాళీ స్పేస్‌లు పెట్టుకుని మరీ ముందుకు తోసుకొస్తాయి! మీకు అక్కర్లేని సింక్ ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే తీసేయడమే దీనికి మందు.

విండోస్‌లో నాకు బాగా నచ్చింది వర్చువల్ ఫైల్స్. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి క్లౌడ్ ఫైల్స్ ఏపీఐ అని సిస్టమ్‌లోనే ఉంది, క్లయింట్ దాన్నే వాడుకుంటుంది. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి, సైజు కూడా కనిపిస్తుంది, కానీ డిస్క్ మీద చోటు తినవు, డబుల్ క్లిక్ చేస్తేనే దిగుతాయి. చిన్న ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌కి ఇది వరం. మూడు సిస్టమ్స్‌లో ఈ ఫీచర్ బాగా కుదిరింది విండోస్‌లోనే అని గట్టిగా చెప్తా.

ఆఫీసులో చాలా మెషీన్లకి ఒకేసారి పెట్టేవాళ్లు ఎంఎస్ఐ ప్రాపర్టీలు తప్పకుండా చూడండి. కమాండ్ లైన్ నుంచి సైలెంట్‌గా ఇన్‌స్టాల్ చేయొచ్చు, ఆటో అప్‌డేట్ వద్దని చెప్పొచ్చు, షెల్ ఎక్స్‌టెన్షన్ వద్దని చెప్పొచ్చు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ కూడా ఆపొచ్చు. ఇంకో సంగతి, క్లయింట్ ఇప్పుడు క్యూటీ 6 మీద నడుస్తోంది, క్యూటీ 6కి విండోస్ 10 కంటే పాతవి పనికిరావు. పాత విండోస్ 7 మెషీన్ ఇంకా వదలనివాళ్లకి కొత్త క్లయింట్ దొరకదు.

ఇక్కడ కాసేపు ఆగి ఫైల్ పేర్ల గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఇన్‌స్టాల్ సాఫీగా అయ్యి, సింక్ మొదలై, చివర్లో ఎర్ర గుర్తు పడేది ఎక్కువగా ఇక్కడే. ఇన్‌స్టాల్ చేసినవాడు ప్రోగ్రామ్‌ని తిట్టుకుంటాడు గానీ అసలు తిరకాసు ఆపరేటింగ్ సిస్టమ్స్ మధ్య ఉంది. లినక్స్‌లో ఫైల్ పేరులో కోలన్ పెట్టొచ్చు, ప్రశ్న గుర్తు పెట్టొచ్చు, విండోస్‌లో రెండూ కుదరవు. పేరు చివర చుక్కో స్పేసో ఉన్నా విండోస్ ఒప్పుకోదు. కాన్, ఆక్స్, నల్ లాంటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే అవి విండోస్‌కి పాతకాలం నుంచి రిజర్వ్ అయిన పేర్లు. పెద్దక్షరాలతో ఒకటి, చిన్నక్షరాలతో ఒకటి అదే పేరుతో ఒకే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు లినక్స్‌లో హాయిగా ఉంటాయి, విండోస్‌లో, మామూలు సెట్టింగ్స్‌తో ఉన్న మాక్‌లో అవి ఒకటే లెక్క. ఇక పాత్ పొడవు 260 దాటితే కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ నోరు తెరుస్తాయి, కాబట్టి సింక్ ఫోల్డర్‌ని ఎక్కడో ఆరు ఫోల్డర్ల లోపల కాకుండా డ్రైవ్ మొదట్లోనే చిన్న పేరుతో పెట్టుకోవడం మేలు.

తెలుగులో ఫైళ్లకి పేర్లు పెట్టేవాళ్లకి ఇంకో రెండు చిక్కులు, ఇవి ఇంగ్లీషులో రాసిన గైడ్‌లలో కనపడవు కాబట్టి వివరంగా చెప్తా. మొదటిది పొడవు. లినక్స్‌లో ఎక్కువమంది వాడే ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మన అక్షరాల్లో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు, అంటే మొత్తం 85 గుర్తులు మాత్రమే పడతాయి. ఇక్కడ గుర్తు అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. "స్త్రీ" అని రాస్తే చూడ్డానికి ఒక అక్షరమే, కానీ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు గుర్తులు, 18 బైట్లు. విండోస్‌లో లెక్క వేరు, అక్కడ బైట్లు కాదు, 255 గుర్తులు మన లిపిలో కూడా పట్టేస్తాయి. దాంతో విండోస్‌లో పొడుగ్గా ఒక పూర్తి వాక్యాన్నే పేరుగా పెట్టి సేవ్ చేసిన డాక్యుమెంట్ ఆ మెషీన్‌లో హాయిగా ఉంటుంది, సింక్ మాత్రం అవ్వదు, పేరు మరీ పొడుగు అని ఎర్రర్. క్లయింట్‌ని ఎన్నిసార్లు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఉపయోగం ఉండదు, పేరు తగ్గించాల్సిందే.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింద ఐ గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు, కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. పాత మాక్ డిస్క్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లన్నిటినీ రెండు ముక్కల రూపంలోకి విడదీసి దాచుకునేది, ఇప్పటి ఏపీఎఫ్ఎస్ మీరు ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది, లినక్స్‌కి మాత్రం ఆ రెండూ పూర్తిగా వేర్వేరు పేర్లు. పాత మాక్ నుంచి తీసుకొచ్చిన బ్యాకప్‌లో "రైతు", "వైద్యం", "పైకం" లాంటి పేర్లున్న ఫోల్డర్లని లినక్స్ సింక్ ఫోల్డర్‌లో పడేస్తే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపించే అవకాశం ఉంది. కాపీ చేయడానికి ముందే పేర్లన్నీ ఒక రూపానికి తెచ్చేయండి, లినక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే చిన్న టూల్ ఈ పని చేసిపెడుతుంది.

మాక్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ప్యాకేజీ దించి ఇన్‌స్టాల్ చేయడం సులువే, కానీ ఫైండర్‌లో టిక్కులు, మెనూ రావాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెన్షన్స్ దగ్గరకెళ్లి మీరే ఆన్ చేయాలి, అది ఎవరూ గుర్తుచేయరు. వర్చువల్ ఫైల్స్ మాక్‌లో సిస్టమ్‌లోనే ఉన్న ఆపిల్ ఫైల్ ప్రొవైడర్ అనే ఏర్పాటు మీద ఆధారపడతాయి, అలా పెట్టుకుంటే ఫైళ్లు మీరు ఎంచుకున్న ఫోల్డర్‌లో కాదు, లైబ్రరీ లోపల క్లౌడ్ స్టోరేజ్ అనే చోట ఉంటాయి, సిస్టమే ఆ చోటు నిర్ణయిస్తుంది. వర్చువల్ ఫైల్స్ ఉన్న ప్యాకేజీ ఒకటి, మామూలుది ఒకటి అని విడివిడిగా ఇచ్చిన వెర్షన్లు కూడా ఉన్నాయి, దించేముందు పేరు సరిగ్గా చదవండి.

లినక్స్‌కొస్తే అసలు కథ ఇక్కడుంది. అధికారికంగా ఇచ్చేది యాప్‌ఇమేజ్, ఒకే ఫైల్, పర్మిషన్ ఇచ్చి నడిపేయడమే. ఉబుంటు 22.04 నుంచి యాప్‌ఇమేజ్‌లకి కావాల్సిన లిబ్‌ఫ్యూజ్ 2 అనే లైబ్రరీ ముందుగా ఉండటం లేదు, అది పెట్టకపోతే చాలా యాప్‌ఇమేజ్‌లు తెరుచుకోవు, డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగదు, కనీసం ఎర్రర్ కూడా కనిపించదు. టెర్మినల్‌లో నడిపితే గానీ కారణం తెలియదు. యాప్‌ఇమేజ్‌తో కొత్త వెర్షన్ ఎప్పటికప్పుడు దొరుకుతుంది, అది నిజమే, కానీ ఫైల్ మేనేజర్‌తో దానికి సంబంధం ఉండదు, టిక్కులు రావు. ఫ్లాట్‌హబ్ అనే లినక్స్ యాప్ స్టోర్ నుంచి తీసుకున్నా అంతే, అది శాండ్‌బాక్స్ లోపల, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంటుంది, బయటున్న ఫైల్ మేనేజర్‌కి దాని ఎక్స్‌టెన్షన్ కనపడదు.

అందుకే నా ఓటు డిస్ట్రో ప్యాకేజీకి, అంటే మీరు వాడే లినక్స్ రకం (డెబియన్, ఫెడోరా లాంటిది) వాళ్లే ఇచ్చేదానికి. డెబియన్, ఉబుంటులో నెక్స్ట్‌క్లౌడ్ డెస్క్‌టాప్ పేరుతో, ఫెడోరా, ఆర్చ్‌లో నెక్స్ట్‌క్లౌడ్ క్లయింట్ పేరుతో రిపోజిటరీలోనే ఉంది. ఒక్క మెలిక ఏంటంటే డెబియన్ లాంటివాటిలో ఫైల్ మేనేజర్ ముక్క వేరే ప్యాకేజీ, నాటిలస్‌కి ఒకటి, డాల్ఫిన్‌కి ఒకటి, నెమోకి ఒకటి, కాజాకి ఒకటి, మీ డెస్క్‌టాప్‌ది ఏదో చూసి అది కూడా పెట్టుకోవాలి. నాటిలస్‌ది పైథాన్‌లో రాసింది, పక్కనే నడుస్తున్న క్లయింట్‌తో ఒక సాకెట్ ద్వారా మాట్లాడుకుంటుంది, కాబట్టి క్లయింట్ ఆగిపోతే టిక్కులు కూడా పోతాయి. డెబియన్ స్టేబుల్‌లో వెర్షన్ పాతదే ఉంటుంది, దానికి బదులు స్థిరంగా ఉంటుంది, ఆ బేరం నాకు ఓకే.

గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఇంకోటి. గ్నోమ్‌లో ట్రే ఐకాన్లు మామూలుగా చూపించరు, యాప్ ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటేనే క్లయింట్ ఐకాన్ కనిపిస్తుంది, లేకపోతే ప్రోగ్రామ్ నడుస్తోందో లేదో కూడా తెలియదు. లాగిన్ టోకెన్ దాచుకోవడానికి గ్నోమ్ కీరింగో కేవాలెటో (పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే ప్రోగ్రామ్‌లు) కావాలి, తేలికపాటి విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకుని కీరింగ్ లేకుండా నడిపేవాళ్లని క్లయింట్ ప్రతిసారీ లాగిన్ అడుగుతుంది, అది బగ్ కాదు, దాచుకోవడానికి చోటు లేక. లాగిన్ పద్ధతి మాత్రం బాగుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, మీ అసలు పాస్‌వర్డ్ క్లయింట్ దగ్గర ఉండదు, ప్రతి మెషీన్‌కీ వేరే యాప్ పాస్‌వర్డ్ ఇస్తుంది, లాప్‌టాప్ పోతే సర్వర్ వెబ్ పేజీలో ఆ ఒక్కదాన్ని రద్దు చేస్తే సరిపోతుంది.

వేలకొద్దీ ఫోల్డర్లు సింక్ చేసేవాళ్లు ఐనోటిఫై లిమిట్ చూసుకోండి, ఫోల్డర్‌లో ఏదైనా మారితే క్లయింట్‌కి చెప్పేది లినక్స్‌లోని ఈ ఐనోటిఫైయే, లిమిట్ అంటే అది ఎన్ని ఫోల్డర్లని గమనించగలదన్నది. పాత కెర్నల్స్‌లో అది 8192 మాత్రమే, 5.11 నుంచి మెమరీని బట్టి కెర్నలే పెంచుకుంటోంది. లిమిట్ దాటితే మీరు మార్చిన ఫైల్ వెంటనే ఎక్కదు. వర్చువల్ ఫైల్స్ లినక్స్‌లో ఇంకా ప్రయోగ దశ అనే చెప్పాలి, దించని ఫైల్ పేరు చివర ఒక అదనపు ఎక్స్‌టెన్షన్ తగిలించి చూపిస్తుంది, విండోస్‌లో చూసిన కళ్లకి ఇది ఆనదు. లినక్స్ వాళ్ల ప్రోగ్రామ్‌లో లినక్స్‌కే తక్కువ అందడం నాకు బాధగా ఉంది, దీన్ని నిజంగా బాగుచేయాలి.

సొంత బిల్డ్ సంగతి. ఎవరికి అవసరం అంటే, మీ డిస్ట్రోలో వెర్షన్ మరీ పాతదైనప్పుడు, కోడ్‌లో ఏదైనా మార్చాలనుకున్నప్పుడు, లేదా మీ ఫైళ్లన్నిటినీ చదివి, రాసి, తుడిచే అధికారం ఉన్న ప్రోగ్రామ్ ఏ కోడ్ నుంచి తయారైందో మీరే చూసుకోవాలనుకున్నప్పుడు. లినక్స్‌లో ఇది భయపడాల్సినంత పని కాదు. సీమేక్ (బిల్డ్‌ని సిద్ధం చేసే టూల్), సీ ప్లస్ ప్లస్ కంపైలర్, క్యూటీ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు, క్యూటీ కీచైన్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఎస్‌క్యూలైట్, జెడ్‌లిబ్, కేడీఈ వాళ్ల ఎక్స్‌ట్రా సీమేక్ మాడ్యూల్స్, ఇవి కావాలి. అందరూ ఆశ్చర్యపోయేది ఇంక్‌స్కేప్ దగ్గర: బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌తో దీనికేం పని అని. ఐకాన్లు ఎస్‌వీజీలో ఉంటాయి, బిల్డ్ అయ్యేటప్పుడు వాటిని పీఎన్‌జీలుగా మార్చాలి, దానికి అది కావాలి. డెబియన్ లాంటివాటిలో సోర్స్ రిపోజిటరీ ఆన్ చేసుకుని, నెక్స్ట్‌క్లౌడ్ ప్యాకేజీకి బిల్డ్ డిపెండెన్సీలు తెచ్చిపెట్టమని ఆప్ట్‌కి (డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చే కమాండ్) చెప్తే ఈ జాబితాలో చాలా వరకు ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి, మిగిలింది సీమేక్ ఎర్రర్ చూసి ఒక్కోటి పెట్టుకోవడమే.

సోర్స్ తెచ్చుకున్నాక మాస్టర్ బ్రాంచ్‌ని అలాగే బిల్డ్ చేయొద్దు, అది రోజూ మారే కోడ్, విడుదలైన వెర్షన్ ట్యాగ్‌కి మారి అప్పుడు బిల్డ్ చేయండి. ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ (ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలన్నది) మీ హోమ్‌లోనే ఏదైనా ఫోల్డర్ ఇవ్వండి, సిస్టమ్ ఫోల్డర్లలో పెడితే డిస్ట్రో ప్యాకేజీతో కలగాపులగం అవుతుంది. అలా హోమ్‌లో పెట్టినప్పుడు ఫైల్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఆ ఫోల్డర్‌లోకే పోతుంది, నాటిలస్‌కి అది కనపడదు, తను వెతికే చోటికి లింక్ ఇవ్వాలి. సీమేక్ కాన్ఫిగర్ దగ్గర ఆగిపోతే నూటికి తొంభై పాళ్లు క్యూటీ గొడవే, సిస్టమ్‌లో 5, 6 రెండూ ఉండి ఒకదాని హెడర్లు, ఇంకోదాని కీచైన్ దొరకడం. అలాంటప్పుడు బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే సీమేక్ పాత సమాధానాన్నే క్యాష్‌లోంచి తీసి చూపిస్తుంటుంది.

మాక్‌లో, విండోస్‌లో బిల్డ్ అంటే వేరే లోకం. రెండుచోట్లా కేడీఈ వాళ్ల క్రాఫ్ట్ అనే టూల్ వాడతారు, డిపెండెన్సీలన్నీ అది తెస్తుంది. మాక్‌కి ఎక్స్‌కోడ్ కావాలి, రిపోజిటరీలోనే మాక్ క్రాఫ్టర్ అని స్విఫ్ట్‌లో రాసిన సాయం ఉంది, అది క్రాఫ్ట్‌ని నడిపి పని చాలా తగ్గిస్తుంది. కానీ సైన్ చేయని బిల్డ్‌ని మాక్ నమ్మదు, కీచైన్ మళ్లీ మళ్లీ పర్మిషన్ అడుగుతుంది. విండోస్‌కి విజువల్ స్టూడియో, పైథాన్, బోలెడు డిస్క్, అంతకంటే బోలెడు ఓపిక. కోడ్ మార్చే ఉద్దేశం లేకపోతే ఈ రెండింట్లోనూ బిల్డ్ జోలికి పోవద్దు, ఇచ్చిన ఇన్‌స్టాలర్ వాడుకోండి.

పోలిక కోసం సింక్‌థింగ్ అనే ఇంకో సింక్ ప్రోగ్రామ్ చూడండి, గో భాషలో రాసింది, గో కంపైలర్ ఒక్కటి ఉంటే మూడు సిస్టమ్స్‌కీ ఒకే పద్ధతిలో బిల్డ్ అయిపోతుంది, వచ్చేది ఒకే ఫైల్. బిల్డ్ సుఖం ఒక్కటే చూస్తే దానికి ఎదురులేదు. పైగా పెద్ద ఫైల్‌లో కొంచెం మారితే ఆ బ్లాకులే పంపుతుంది, నెక్స్ట్‌క్లౌడ్ క్లయింట్ అయితే ఫైల్ మొత్తం మళ్లీ ఎక్కిస్తుంది, వర్చువల్ మెషీన్ డిస్క్‌లు, పెద్ద మెయిల్ ఆర్కైవ్‌లు దీంట్లో పెట్టకండి. కానీ సింక్‌థింగ్‌లో మధ్యలో సర్వర్ లేదు, అవతలి మెషీన్ ఆన్‌లో ఉంటేనే సింక్, లింక్ ఇచ్చి ఎవరికైనా షేర్ చేయడం, బ్రౌజర్‌లో తెరవడం కుదరవు. నాకు ఆ షేరింగ్ కావాలి కాబట్టి నెక్స్ట్‌క్లౌడ్‌లోనే ఉన్నా.

రోజువారీ నడకలో తెలుసుకోవాల్సినవి కొన్నే. కొత్త మార్పులున్నాయా అని సర్వర్‌ని మామూలుగా 30 సెకన్లకోసారి అడుగుతుంది, అటువైపు నోటిఫై పుష్ అనే యాప్ పెట్టి ఉంటే వెంటనే తెలిసిపోతుంది. 500 ఎంబీ దాటిన కొత్త ఫోల్డర్ వస్తే దించాలా అని ముందు అడుగుతుంది, ఆ సెట్టింగ్ తీయకండి. ఒకే ఫైల్‌ని రెండు చోట్ల మారిస్తే ఏదీ పోగొట్టదు, రెండోదాన్ని కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ అని తేదీ, టైముతో పక్కన పెడుతుంది, ఇది నాకు చాలా నమ్మకం ఇచ్చిన విషయం. సొంత బిల్డ్‌ని పరీక్షించేటప్పుడు మాత్రం కాన్ఫిగ్ డైరెక్టరీ వేరేది ఇచ్చే ఆప్షన్‌తో నడిపి, సర్వర్‌లో ఒక టెస్ట్ అకౌంట్‌కి కలపండి, రోజూ వాడే ఫైళ్ల మీద కొత్త బిల్డ్‌ని వదలొద్దు.

స్క్రీన్ లేని సర్వర్ మెషీన్లకి నెక్స్ట్‌క్లౌడ్ సీఎండీ అని కమాండ్ లైన్ క్లయింట్ ఉంది, డెబియన్‌లో అది కూడా వేరే ప్యాకేజీయే, సోర్స్ నుంచి చేస్తే దానంతట అదే వస్తుంది. అది వెనకాల కూర్చుని కాపలా కాయదు, ఒకసారి సింక్ చేసి ఆగిపోతుంది, కాబట్టి పనుల్ని టైముకి తానే నడిపే క్రాన్‌లోనో సిస్టమ్‌డీ టైమర్‌లోనో పెట్టాలి. పాస్‌వర్డ్‌ని కమాండ్‌లోనే రాస్తే ప్రాసెస్ లిస్టులో అందరికీ కనపడుతుంది, లాగిన్ వివరాలు ఉంచే నెట్‌ఆర్‌సీ ఫైల్‌లో యాప్ పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫైల్ పర్మిషన్ 600 (మీరు తప్ప ఇంకెవరూ చదవలేరు) చేసి, అక్కడి నుంచి చదవమని చెప్పండి.